పదిహేను వారాల లీనియర్ ఆల్జీబ్రా

మన హాస్టల్లో బి.ఎస్సీ. మ్యాథ్స్ చదివే తమ్ముళ్ళను ఏ పేపరు కష్టమని అడిగితే ఎక్కువమంది చెప్పే పేరు లీనియర్ ఆల్జీబ్రా. మిగతా పేపర్లలో కనీసం లెక్క మొదలుపెట్టడం తెలుస్తుందని, ఇందులో ప్రశ్న ఏం అడుగుతున్నదో కూడా తెలియదని వారి ఫిర్యాదు. అన్ని పేపర్లూ పాసై ఈ ఒక్కటి ఉండిపోయి పట్టా చేతికి రానివారు, పి.జి. సీటు వచ్చి కూడా చేరలేకపోయినవారు మనకు తెలియనివారు కారు. మాలో ఒకరు ఈ పేపరు మొదటిసారి తప్పి, రెండోసారి రాసి గట్టెక్కినవారే. అందుకని గత సెమిస్టర్లో మేము నలుగురు ఎమ్మెస్సీ విద్యార్థులం కలిసి, రాత్రి భోజనాలయ్యాక మెస్ హాల్లోనే 8:30 నుంచి 10 గంటల వరకు, వారానికి నాలుగు రోజులు ఈ ఒక్క పేపరు చెప్పాలని నిర్ణయించుకున్నాం. ఏ వరసలో చెబితే అర్థమయింది, ఎక్కడ మేమే పొరపాటు చేశాం అన్నది ఈ వ్యాసంలో రాస్తున్నాం. వచ్చే ఏడాది చదవబోయేవారికంటే చెప్పబోయేవారికే ఇది ఎక్కువ అవసరమని మా అభిప్రాయం.

మొదటి పొరపాటు మొదటి రోజే జరిగింది. సిలబస్‌లో మొదటి యూనిట్ వెక్టర్ స్పేస్ కాబట్టి మేమూ అక్కడే మొదలుపెట్టాం. ఒక సమితి, ఒక ఫీల్డు, కూడిక, గుణకారం, వాటికి ఉండాల్సిన నియమాలు అన్నీ బోర్డు నిండా రాశాం. 11 మంది వచ్చారు, శ్రద్ధగా ఎక్కించుకున్నారు. మూడో రోజు ఒక తమ్ముడు లేచి, "అన్నా, ఈ రూల్సన్నీ ఎవరు పెట్టారు? ఎందుకు పెట్టారు?" అని అడిగాడు. మా నలుగురిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. మేము కూడా నియమాలను బట్టీపట్టి పాసైనవాళ్ళమే అని ఆ రాత్రి మాకు తెలిసింది. రెండో వారం చివరికి ఐదుగురే మిగిలారు.

అప్పుడు లైబ్రరీలో కూర్చుని చరిత్ర చూశాం. తీసివేత పద్ధతిలో సమీకరణాలు సాధించడం చైనావారి 'తొమ్మిది అధ్యాయాలు' అనే గ్రంథంలో ఎనిమిదో అధ్యాయంలోనే ఉంది. అది సుమారు రెండు వేల ఏళ్ళ నాటి మాట. గౌస్ 1810 ప్రాంతంలో పల్లాస్ అనే చిన్న గ్రహం కక్ష్యను లెక్కకట్టడానికి అదే పద్ధతి వాడాడు. గౌస్-జోర్డాన్ పద్ధతి అంటామే, అందులోని జోర్డాన్ జర్మనీకి చెందిన భూమి కొలతల నిపుణుడు విల్హెల్మ్ జోర్డాన్. జోర్డాన్ ఫారం పేరుగల ఫ్రెంచి గణితజ్ఞుడు కామిల్ జోర్డాన్ వేరు. ఇద్దరూ ఒకరేనని మేము పి.జి. దాకా అనుకున్నాం. మ్యాట్రిక్స్ అన్న పేరు సిల్వెస్టర్ 1850లో పెట్టాడు. ఇక వెక్టర్ స్పేస్ నియమాలను ఒక జాబితాగా రాసినవాడు ఇటలీకి చెందిన పియానో, అది 1888లో. అంటే మనుషులు వందల ఏళ్ళు సమీకరణాలతో కుస్తీపట్టి, చివరికి అన్నిచోట్లా కనిపిస్తున్న పోలికను పట్టుకుని నియమాలు రాసుకున్నారు. మేము మాత్రం ఆ చివరి మెట్టు మీద తమ్ముళ్ళను మొదటి గంటలోనే నిలబెట్టాం!

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. అమెరికాలో డేవిడ్ కార్ల్‌సన్ అనే అధ్యాపకుడు 1993లో రాసిన వ్యాసంలో ఇదే సంగతి చెప్పాడు. సమీకరణాలు, మాత్రికలు చెబుతున్నంతసేపు తరగతి హాయిగా సాగుతుందని, సబ్‌స్పేస్, స్పాన్, ఇండిపెండెన్స్ రాగానే పొగమంచు కమ్ముకుంటుందని ఆయన అనుభవం. ఎమ్.ఐ.టి.లో గిల్బర్ట్ స్ట్రాంగ్ తన కోర్సును నియమాలతో కాక సమీకరణాలతోనే మొదలుపెట్టేవారు. ఆయన 2023 మే నెలలో అక్కడ చివరి పాఠం చెప్పారు. ఆ ఉపన్యాసాల వీడియోలు అంతర్జాలంలో ఉచితంగా ఉన్నాయి. షెల్డన్ ఆక్స్‌లర్ అనే మరొకాయన 1995లో వెలువరించిన పాఠ్యపుస్తకంలో నిర్ధారకాలనే పుస్తకం చివరికి నెట్టేశారు. పెద్ద పెద్ద వాళ్ళకే వరస మీద ఏకాభిప్రాయం లేదని తెలిశాక మాకు కొంత ధైర్యం వచ్చింది. మూడో వారం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఈసారి మెస్ రిజిస్టరుతో.

లెక్క ఇది. సోమవారం 10 కిలోల బియ్యం, 2 కిలోల కందిపప్పు కొన్నారు, బిల్లు 720 రూపాయలు. మంగళవారం 15 కిలోల బియ్యం, 4 కిలోల పప్పు, బిల్లు 1215. ధరలు మారలేదనుకుందాం. కిలో ధర ఎంతెంత? మొదటి లైనును రెండింతలు చేసి అందులోంచి రెండో లైను తీసేస్తే పప్పు ఎగిరిపోయి, 5 కిలోల బియ్యం 225 అని మిగులుతుంది. బియ్యం 45, పప్పు 135. ఇది పదో తరగతి లెక్క, అందరూ చేశారు.

బుధవారం 25 కిలోల బియ్యం, 6 కిలోల పప్పు, బిల్లు 1935 అని మూడో లైను రాశాం. "ఈ లైను మనకు కొత్తగా ఏం చెప్పింది?" అని అడిగాం. కాసేపటికి వెనక నుంచి ఒకరు, "ఏం చెప్పలేదన్నా, పై రెండూ కూడితే వచ్చేదే కదా" అన్నారు. సరిగ్గా అదే ర్యాంకు. లైన్లు మూడు, కొత్త సంగతి చెప్పేవి రెండే, కాబట్టి ర్యాంకు 2. తీసివేతలు చేస్తూ పోతే కొత్త సంగతి చెప్పని లైను అన్నీ సున్నాలై బయటపడుతుంది. ఎషిలాన్ రూపం చేసి సున్నాలు లేని వరుసలు లెక్కపెట్టమని పుస్తకం ఎందుకంటుందో అప్పటికి తెలిసింది.

ఇప్పుడు బుధవారం బిల్లును 1935కు బదులు 1995 చేశాం. తీసివేస్తే సున్నా సమానం 60 అని వస్తుంది. సాధన లేదు. "అంటే ఎవరో 60 రూపాయలు నొక్కేశారు" అన్నాడు ఒక తమ్ముడు. హాలంతా నవ్వింది, మెస్ కమిటీ సభ్యుడు ఒక్కడే నవ్వలేదు. సమీకరణాల వ్యవస్థ అసంగతం కావడమంటే ఏమిటో ఆ తరగతిలో ఉన్నవారెవరూ మరచిపోరు.

ఇదే లెక్కను నిలువుగా చూడమన్నాం. బియ్యం నిలువు వరుస 10, 15, 25. పప్పు నిలువు వరుస 2, 4, 6. ఈ రెండు వరుసలను ఎంతో కొంతతో గుణించి కూడితే 720, 1215, 1935 వస్తుందా? వస్తుంది, 45తో, 135తో గుణిస్తే. మరి 720, 1215, 1995? ఏం చేసినా రాదు. ఆ రెండు నిలువు వరుసలతో గుణించి, కూడి, ఎంతవరకు చేరుకోగలమో ఆ మేరంతా వాటి స్పాన్. మొదటి రెండు అంకెల మొత్తం మూడో అంకెతో సమానమయ్యేవి మాత్రమే అందులో పడతాయి. ఈ మాటకు నిఘంటువులో అర్థం వెతికితే వంతెన పొడవు, జానెడు అని ఉంటుంది. అది పట్టుకుంటే లాభం లేదు.

మాటల సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. మనలో చాలామంది ఇంటర్ దాకా తెలుగు మీడియం. మాత్రిక, నిర్ధారకం, సదిశ అని చదువుకుని వచ్చి, డిగ్రీలో మ్యాట్రిక్స్, డిటర్మినెంట్, వెక్టర్ అని వినగానే ఇవేవో కొత్త వస్తువులని అనుకుంటాం. మేము నోట్సులో ప్రతి కొత్త ఇంగ్లీషు మాట పక్కన తెలుగులో ఒక వాక్యం రాయించాం. మాటకు మాట రాయిస్తే చాలదు, వాక్యమే కావాలి. బేసిస్ అంటే ఆధారం అని రాస్తే ఏమీ తెలియదు. 'అన్నింటినీ చేరుకోవడానికి సరిపోయేన్ని, ఒక్కటి తీసేసినా చాలనన్ని వెక్టర్లు' అని రాస్తే పని జరుగుతుంది.

ఆరో వారం లీనియర్ ఇండిపెండెన్స్. ఈ కోర్సులో ఎక్కువమంది పడిపోయే గొయ్యి ఇదే కాబట్టి ఇక్కడ కొంచెం నెమ్మదిగా నడుద్దాం. వెక్టర్లను ఒక్కొక్క సంఖ్యతో గుణించి కూడితే సున్నా వెక్టర్ వచ్చిందంటే, ఆ గుణించిన సంఖ్యలన్నీ సున్నాలే అయి తీరాలి. అలా అయితే ఆ వెక్టర్లు ఇండిపెండెంట్. తరగతిలో ఉన్నవారిలో (వెళ్ళిపోయినవారిలో కొందరు మెస్ రిజిస్టరు కబురు విని అప్పటికి తిరిగివచ్చారు) ఏడుగురు దీన్ని తిరగేసి రాశారు. 'సంఖ్యలన్నీ సున్నా అయితే మొత్తం సున్నా అవుతుంది' అని. చూడటానికి రెండూ ఒకటిలాగే ఉంటాయి. కానీ సున్నాలతో గుణిస్తే ఏ వెక్టర్లకైనా మొత్తం సున్నాయే వస్తుంది, అందులో వింతేముంది? తిరగేసి రాసిన వాక్యం లోకంలోని అన్ని వెక్టర్లకూ నిజమే. కనుక అది ఏమీ చెప్పదు. పరీక్షలో ఈ నిర్వచనం తిరగబడితే దాని మీద కట్టిన సిద్ధాంతమంతా కూలుతుంది, మార్కులు కూడా దానితోపాటే. మాలో మొదటిసారి తప్పిన వ్యక్తి తన జవాబు పత్రంలో ఇదే చేశానని అక్కడే ఒప్పుకున్నాడు.

రెండో గొయ్యి దాని పక్కనే ఉంది. రెండేసి చొప్పున చూసి, ఏదీ మరోదానికి రెట్టింపు కాదు కాబట్టి అన్నీ ఇండిపెండెంట్ అని తేల్చేయడం. (1, 0), (0, 1), (1, 1) తీసుకోండి. ఏ రెండు తీసినా ఇండిపెండెంటే. మూడూ కలిస్తే కాదు, మూడోది మొదటి రెండింటి మొత్తం. విడివిడిగా ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడినట్టే ఉంటారు, గుంపులో ఒకరు అదనమని తేలుతుంది.

ఇంత అయ్యాక ఏడో వారంలో మళ్ళీ ఆ నియమాల జాబితా తీశాం. మూడు సంఖ్యల మొత్తం సున్నా అయ్యే త్రయాలన్నీ తీసుకుందాం. (1, -1, 0) అలాంటిది, (0, 1, -1) అలాంటిది. రెండింటినీ కూడితే (1, 0, -1), అదీ అలాంటిదే. దేన్ని ఎంతతో గుణించినా ఆ గుంపులోనే ఉంటుంది. ఇలా కూడినా గుణించినా బయటకు పోని గుంపునే సబ్‌స్పేస్ అంటాం. మొత్తం 1 అయ్యే త్రయాలు తీసుకుంటే? రెండింటిని కూడగానే మొత్తం 2 అవుతుంది, గుంపు దాటిపోతుంది. సున్నా వెక్టర్ తప్పనిసరిగా ఎందుకుండాలని ఒకరు అడిగారు. సున్నాతో గుణించి చూడమన్నాం. ఎక్కడికి పోతుంది మరి? నియమాలు ఎవరు పెట్టారని మూడో రోజు అడిగిన తమ్ముడికి జవాబు ఇక్కడ దొరికింది. త్రయాలకు, బహుపదులకు, సమీకరణాల సాధనలకు విడివిడిగా ఒకే నిరూపణ మూడుసార్లు రాసే బదులు ఒక్కసారి రాయడానికి పెట్టుకున్నవే ఆ నియమాలు. "ముందే ఈ మాట చెప్పి ఉంటే సరిపోయేది కదన్నా" అన్నాడు. నిజమే.

పై ఉదాహరణలో మూడు అక్షరాలు, ఒక్క సమీకరణం. ర్యాంకు 1. సాధనల గుంపుకు పైన రాసిన రెండు వెక్టర్లు బేసిస్, డైమెన్షన్ 2. ఒకటీ రెండూ మూడు. ర్యాంక్-నల్లిటీ సిద్ధాంతం పేరు చెప్పకుండానే కనబడింది.

ఎనిమిదో వారం కాలేజీలో ఇంటర్నల్ పరీక్షలు. తరగతి జరగలేదు.

తొమ్మిది, పది వారాల్లో లీనియర్ ట్రాన్స్‌ఫర్మేషన్. పుస్తకాల్లో దీనికి ఇచ్చే ఉదాహరణలు కల్పించినట్టుంటాయి. మేము అందరికీ ఇంటర్ నుంచి తెలిసిన అవకలనాన్నే తీసుకున్నాం. రెండో ఘాతం దాటని బహుపదులకు బేసిస్ 1, ఎక్స్, ఎక్స్ స్క్వేర్. అవకలనం చేస్తే 1 సున్నాకు పోతుంది, ఎక్స్ 1కి పోతుంది, ఎక్స్ స్క్వేర్ రెండు ఎక్స్‌కు పోతుంది. ఈ మూడు జవాబులను వరసగా మూడు నిలువు వరుసలుగా రాస్తే మాత్రిక వచ్చేసింది: (0, 0, 0), (1, 0, 0), (0, 2, 0). సున్నాకు పోయేవి స్థిరసంఖ్యలు, డైమెన్షన్ 1. బయటకు వచ్చేవి మొదటి ఘాతం దాటనివి, డైమెన్షన్ 2. మళ్ళీ మూడు. ట్రాన్స్‌ఫర్మేషన్‌కు మాత్రిక రాయమంటే బేసిస్‌లోని ఒక్కొక్క వెక్టర్ ఎక్కడికి పోతుందో చూసి నిలువుగా రాయడమే. అడ్డంగా రాసి మార్కులు పోగొట్టుకునేవారు చాలామంది ఉన్నారు.

నిర్ధారకాలు ఇంటర్‌లో చేసినవే కనుక నాలుగు రోజుల్లో ముగించాం. సాధనకు క్రామర్ సూత్రం కంటే తీసివేత పద్ధతే సుఖమని, మాత్రిక పెద్దదయ్యేకొద్దీ ఆ తేడా ఇంకా పెరుగుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఐగెన్ విలువలకు మళ్ళీ మెస్‌కే వచ్చాం. ఐగెన్ అంటే జర్మన్ భాషలో సొంత అని అర్థం. ఒక క్యాంపస్‌లో రెండు మెస్‌లు ఉన్నాయనుకుందాం. ప్రతి నెలా మొదటి మెస్ వారిలో 10 శాతం రెండోదానికి, రెండోదానివారిలో 20 శాతం మొదటిదానికి మారుతుంటారు. మొత్తం 300 మంది, మొదట అందరూ మొదటి మెస్‌లోనే ఉన్నారు. ఒక నెలకు 270, 30. రెండో నెలకు 249, 51. ఇలా ఎక్కడిదాకా? మొదటి నుంచి వెళ్ళేవారు, రెండోదాని నుంచి వచ్చేవారు సమానమైనప్పుడు ఆగుతుంది. అది 200, 100 దగ్గర. ఇటు నుంచి 20, అటు నుంచి 20. మాత్రికతో గుణించినా మారకుండా ఉండే ఆ (200, 100) ఐగెన్ వెక్టర్, దాని ఐగెన్ విలువ 1. ఇప్పుడు 200 నుంచి దూరం ఎంతుందో చూడండి. మొదట 100, తర్వాత 70, తర్వాత 49. ప్రతిసారీ 0.7తో గుణించినట్టు తగ్గుతోంది. ఆ మాత్రిక రెండో ఐగెన్ విలువ సరిగ్గా 0.7. (మూడో నెలకు దూరం 34.3. మనుషులు ముక్కలవుతారు కాబట్టి అక్కడ ఆపాం.) నిర్ధారకం సున్నాకు సమానం చేసి వర్గ సమీకరణం సాధించడం ఇది చూపాకే చెప్పాం. ఐదు వరుసల లెక్కకు భయపడేవారు కూడా ముందే జవాబు తెలుసు కాబట్టి ఉత్సాహంగా చేశారు.

కేలీ-హామిల్టన్ సిద్ధాంతం దగ్గర ఒక హెచ్చరిక. నిర్ధారకంలో లాంబ్డా బదులు మాత్రికనే పెడితే మాత్రికలోంచి మాత్రిక పోయి సున్నా వస్తుంది కాబట్టి నిరూపణ అయిపోయిందని కొన్ని గైడ్లలో చూశాం. అది నిరూపణ కాదు. నిర్ధారకం ఒక సంఖ్య, సిద్ధాంతం చెప్పే సున్నా ఒక మాత్రిక. రెండు సున్నాలూ ఒకటి కావు. కేలీ కూడా 1858లో చిన్న మాత్రికలకే సరిచూసి, పెద్దవాటికి నిరూపించే శ్రమ తీసుకోలేదు. సాధారణ నిరూపణ ఫ్రొబీనియస్ 1878లో ఇచ్చాడు. అడ్డు వరుసలు (2, 1), (1, 2) ఉన్న మాత్రికతో సరిచూడండి. లాంబ్డా విలువలు 1, 3. మాత్రిక వర్గం అడ్డు వరుసలు (5, 4), (4, 5). అందులోంచి నాలుగు రెట్ల మాత్రిక తీసి, మూడు రెట్ల యూనిట్ మాత్రిక కలిపితే నాలుగు గళ్ళలోనూ సున్నా.

పద్నాలుగో వారం ఇన్నర్ ప్రాడక్ట్ స్పేస్. సమయం చాలక గ్రామ్-ష్మిట్ పద్ధతిని పరుగు మీద చెప్పాం, కాషీ-ష్వార్జ్ అసమానత నిరూపణను నోట్సులో రాసి ఇచ్చాం. ఇది మా లోపమే. మొదటి రెండు వారాలు పాడుచేసుకోకుండా ఉంటే ఈ యూనిట్‌కు న్యాయం జరిగేది. అయినా ఒక్క సంగతి మాత్రం వదలలేదు. మెస్ రిజిస్టరులో తేలని ఆ 60 రూపాయలు.

720, 1215, 1995. ఏ బిల్లు తప్పో తెలియదు. సాధన లేని సమీకరణాలను వదిలేయకుండా, వీలైనంత దగ్గరి జవాబు ఏదని అడగవచ్చు. దోషాల వర్గాల మొత్తం అతి తక్కువ అయ్యేలా చూస్తే, 60 రూపాయల తప్పు మూడు బిల్లులకూ సమానంగా 20 చొప్పున పంచబడుతుంది. 740, 1235, 1975. మొదటి రెండింటి మొత్తం మూడోది, లెక్క కుదిరింది. ఇప్పుడు బియ్యం 49, పప్పు 125. నిజమైన ధర ఇదేనని కాదు, ఉన్న మూడు బిల్లులనూ సమానంగా నమ్మితే వచ్చే ధర ఇది. విలోమం లేని మాత్రికలతో కూడా ఇలా పని నడిపే సాధారణీకృత విలోమాల మీద 1971లో సుజిత్ కుమార్ మిత్రతో కలిసి పుస్తకం రాసిన సి.ఆర్.రావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్.ఏ. చదివినవారు. 2023 ఆగస్టులో, 102 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు. ఆయన చేసిన పనికి దారి మన మెస్ రిజిస్టరులోంచి కూడా ఉందని చెప్పినప్పుడు హాల్లో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. మెస్ కమిటీ సభ్యుడు మాత్రం ఆ 20 రూపాయల పంపకం తనకు నచ్చిందన్నాడు.

పదిహేనో వారం మాకే పరీక్షలు వచ్చిపడ్డాయి. మేము వెళ్ళలేకపోయాం. ఒక రాత్రి పది గంటలకు నీళ్ళ కోసం కిందికి వస్తే మెస్ హాల్లో లైటు వెలుగుతోంది. రూల్సు ఎవరు పెట్టారని అడిగిన తమ్ముడు బోర్డు దగ్గర నిలబడి పాత ప్రశ్నపత్రం లెక్క చేస్తున్నాడు, మిగిలిన ఎనిమిది మంది కూర్చుని ఉన్నారు. ఇండిపెండెన్స్ నిర్వచనం రాశాడు. తిరగేసి రాయలేదు. మేము లోపలికి వెళ్ళకుండా నీళ్ళు పట్టుకుని పైకి వచ్చేశాం.

మా నోట్సు రీడింగ్ రూములో బీరువా రెండో అరలో ఉంచాం. పద్నాలుగు వారాల పాఠాలు మా చేతిరాత, చివరి వారానిది తమ్ముళ్ళ చేతిరాత. ఇన్నర్ ప్రాడక్ట్ దగ్గర పేజీలు ఖాళీగా వదిలాం. వచ్చే సెమిస్టర్లో చెప్పేవారు ముందుగా అవి నింపవలసిందిగా కోరుతున్నాం.